వ్యోమనౌకలో నిప్పు, మన వీధిలో నిప్పు

నిప్పు పుట్టాలంటే మూడు కావాలని చిన్న తరగతులలోనే చదువుకున్నాము: కాలే వస్తువు, ప్రాణవాయువు, తగినంత వేడి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా నిప్పు నిలువదు. పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న. కాని ఈ రెండు మార్కుల విషయమే 1961లో రష్యాలో ఒక యువకుని, 1967లో అమెరికాలో ముగ్గురు వ్యోమగాములను, 2022లో మన పద్మారావు నగర్‌కు నడకదూరంలో ఉన్న బోయిగూడలో పదకొండుమంది కూలీలను బలిగొన్నది.

ఈ మూడు ఘటనలకు ఒక పోలిక ఉన్నది. మూడూ మూసిన గదులలో జరిగినవే. వ్యోమనౌక అంటే మూసిన గదులలోకెల్లా మూసిన గది. దానిలో నిప్పు ఎట్లు పుట్టి ఎట్లు పెరుగుతుందో తెలుసుకొనడానికి అరవై ఏండ్లుగా శాస్త్రజ్ఞులు శ్రమిస్తున్నారు. ఆ శ్రమలో తేలిన సంగతులు ఆకాశానికే పరిమితం కావు. భాషాబోధకులమైన మేము విజ్ఞానశాస్త్ర విషయాన్ని ఎత్తుకొనడం సాహసమే. అయినా మన విద్యార్థులు ఏ శాఖలో చదువుతున్నా, ఉర్దూలో చదివినా తెలుగులో చదివినా, ఈ సంగతులు తెలుసుకొనవలసినవే అని తోచి వ్రాస్తున్నాము.

కాలేది ఏది?

కట్టె కాలుతున్నదని అంటాము. నిజానికి మంటగా వెలిగేది కట్టె కాదు. వేడికి కట్టె నుండి వెలువడే ఆవిరి. కొవ్వొత్తిని ఊదిన వెంటనే వత్తి నుండి తెల్లని పొగ తీగవలె లేస్తుంది. వెలిగించిన అగ్గిపుల్లను ఆ పొగకు చూపితే మంట పొగ వెంట దిగివచ్చి వత్తిని మళ్ళీ అంటుకుంటుంది. ఆ తెల్లని పొగ మైనపు ఆవిరే. నూలు గుడ్డ, కాగితం, నైలాను, పరుపులోని ఫోము, విద్యుత్తు తీగ మీది ప్లాస్టిక్ తొడుగు, వీటన్నిటి కథా ఇంతే. ముందు వేడెక్కాలి, తరువాత విడివడి ఆవిరి కావాలి, ఆ ఆవిరి ప్రాణవాయువుతో కలవాలి, అప్పుడు జ్వాల. ఆ జ్వాల వేడి పక్క భాగాన్ని మళ్ళీ ఆవిరి చేస్తుంది. ఇట్లు మంట తన మేతను తానే వండుకుంటూ ముందుకు సాగుతుంది.

మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు 21 శాతమే. తక్కినది దాదాపుగా నత్రజని. నత్రజని తాను మండదు, ఇతరులను మండించదు. అయితే అది ఊరక కూర్చునేది కాదు. జ్వాల పుట్టించిన వేడిలో పెద్ద వాటాను అది తీసుకుంటుంది. అందువల్ల మంట ఉధృతి తగ్గుతుంది. మన వంటయింట్లో నిప్పు మన మాట వింటున్నదంటే ఆ ఉపకారంలో నత్రజనికి వాటా ఉన్నది.

మూసిన గదిలో మరొక చిక్కు ఉన్నది. బిర్యానీ డేగిసాకు మూత పెట్టి, అంచుకు పిండి మెత్తి దమ్ మీద ఉంచుతారు. ఉర్దూలో దమ్ అంటే ఊపిరి. లోపలి ఊపిరిని లోపలే బిగించడం ఆ వంటలోని రహస్యం. గదికి అట్లు దమ్ పెడితే ఫలితం వేరు. ప్రాణవాయువు చాలనప్పుడు బొగ్గుగాని గుడ్డగాని పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడు అనే వాయువును ఇస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులోని ఎర్ర పదార్థం ప్రాణవాయువు కంటె సుమారు 200 రెట్లు గట్టిగా దీనిని పట్టుకుంటుంది. చలికాలంలో తలుపులు బిగించి కుంపటి పెట్టుకొని నిద్రించినవారు తెల్లవారి లేవకపోవడానికి కారణం ఇదే. అట్టి మరణాన్ని ఉర్దూలో దమ్ ఘుట్ గయా అంటారు. తెలుగులో ఊపిరాడలేదు అంటారు. రెండు భాషలూ నిప్పును తలచలేదు, ఊపిరినే తలచినవి. ఇందులో శాస్త్రసత్యం ఉన్నది.

ప్రాణవాయువే ప్రాణాంతకమైన నాడు

1961 మార్చి 23. వాలెంతీన్ బొందరెన్కో అనే 24 ఏండ్ల సోవియట్ వ్యోమగామి మాస్కోలో ఒక మూసిన గదిలో ఏకాంతవాస పరీక్షలో ఉన్నాడు. గదిలో పీడనం తక్కువ, ప్రాణవాయువు పాలు ఎక్కువ. ఒంటికి అతికించిన పరికరాలను తీసివేసి, ఆ చోటును ఆల్కహాలులో తడిపిన దూదితో తుడుచుకొని, దూదిని పక్కకు విసిరాడు. అది విద్యుత్తు పొయ్యి మీద పడింది. మామూలు గాలిలో అయితే ఆ దూది ఒక్కటే కాలి ఉండేదేమో. ప్రాణవాయువు దండిగా ఉన్న ఆ గదిలో మంట అతని దుస్తులను అంటుకున్నది. లోపలి పీడనానికి, బయటి పీడనానికి తేడా ఉన్నందున తలుపు వెంటనే తెరవడానికి వీలు లేకపోయింది. కొన్ని గంటలకే అతడు మరణించాడు. ఈ సంగతిని సోవియట్ పత్రికలు 1986లోగాని ప్రకటించలేదు.

దాచిన పాఠం ఎవరికీ ఉపయోగపడదు. ఆరేండ్లకు, 1967 జనవరి 27న, అమెరికాలోని ఫ్లోరిడా తీరాన అపోలో 1 నౌకలో గస్ గ్రిసమ్, ఎడ్వర్డ్ వైట్, రోజర్ చాఫీ కూర్చున్నారు. ఆనాడు ప్రయాణం లేదు, అభ్యాసం మాత్రమే. రాకెట్టులో ఇంధనం పోయలేదు కనుక దానిని అపాయకరమైన పరీక్షగా ఎవరూ ఎంచలేదు. నౌకలో మాత్రం పరిశుద్ధమైన ప్రాణవాయువును బయటి గాలి కంటె కొంచెం ఎక్కువ పీడనంతో నింపారు. అంటే మామూలు గదిలో ఉండే ప్రాణవాయువుకు ఐదు రెట్లకు పైగా. వేడిని పంచుకొనే నత్రజని లేదు. గోడల నిండా నైలాను వలలు, నైలాను అతుకుడు పట్టీలు. మైళ్ళ కొలది విద్యుత్తు తీగలు. ఆ తీగలలో ఎక్కడో ఒక రవ్వ పుట్టింది.

మంట అన్న మాట వినిపించిన సుమారు 15 సెకన్లకు లోపలి పీడనం పెరిగి నౌక గోడ పగిలింది. తలుపు లోపలికి తెరుచుకొనే రకం. పెరిగిన పీడనం దానిని బయటి వైపుకు అదిమిపట్టింది. ఏ ఆపదా లేని సమయంలో దానిని తెరవడానికే కనీసం 90 సెకన్లు పట్టేది. బయటి సిబ్బంది తెరిచేసరికి 5 నిమిషాలైంది. ఆ ముగ్గురి మరణానికి ముఖ్యకారణం కాలిన గాయాలు కావు, కార్బన్ మోనాక్సైడు.

ఆ తరువాత అమెరికావారు నౌకలోని ఒక్కొక్క వస్తువును తీసి చూచారు. మండే నైలానుకు బదులు గాజు పోగులతో నేసిన గుడ్డ వచ్చింది. బయలుదేరే వేళ 60 శాతం ప్రాణవాయువు, 40 శాతం నత్రజని ఉండాలని నిర్ణయించారు. తలుపు బయటికి తెరుచుకొనేటట్లు, కొన్ని సెకన్లలో విడిపోయేటట్లు మార్చారు. ఇందులో ఏదీ కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. అన్నీ ముందుగానే చేయదగినవే.

సోవియట్ నౌకలు మొదటి నుండి భూమి మీది గాలివంటి గాలినే వాడుకున్నవి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో సల్యూట్ 7 కేంద్రంలో ఉన్న రోజులలో పీల్చింది అట్టి గాలినే. నేటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనూ అంతే.

బరువు లేని చోట జ్వాల

మన ఇళ్ళలో కరెంటు పోయినప్పుడు వెలిగించిన హరికేన్ లాంతరును తలచుకోండి. అడుగున గాలి రంధ్రాలు ఉంటాయి. వేడెక్కిన గాలి తేలికపడి పైకి పోతుంది. ఆ ఖాళీలోకి చల్లని గాలి అడుగు నుండి వస్తుంది. అందుకే దీపశిఖ నిలువుగా, కొనదేరి, పసుపుగా వెలుగుతుంది. రంధ్రాలు మూస్తే లాంతరు కొండెక్కుతుంది.

భూమి చుట్టూ తిరిగే నౌకలో వస్తువులకు బరువు తెలియదు. పైన, కింద అన్న భేదం లేదు. కనుక వేడి గాలి పైకి పోదు. మంట చుట్టూ అక్కడే ముసురుకుంటుంది. కదలని గాలిలో కొవ్వొత్తి వెలిగిస్తే శిఖ ఉండదు. వత్తి చుట్టూ చిన్న నీలి గోళం వలె నిలుస్తుంది. ప్రాణవాయువు మెల్లగా ఊరుతూ వచ్చి దానిని చేరవలసిందే. ఇంత బలహీనమైన జ్వాల వల్ల భయమేమని మొదట తోస్తుంది.

భయం ఫ్యానులో ఉన్నది. వ్యోమనౌకలో గాలి తనంత తాను కదలదు కనుక యంత్రాలతో కదిలించక తప్పదు. లేకుంటే నిద్రించే వ్యోమగామి విడిచిన ఊపిరే అతని ముఖం చుట్టూ పోగుపడి అపాయం కలుగుతుంది. యంత్రభాగాలకు సయితం ఫ్యాను అవసరమే. వాటి వేడిని గాలి మోసుకుపోకుంటే తీగలు క్రమంగా కాగి, తొడుగు ఆవిరై, నిప్పుకు దారి అవుతుంది. మనిషిని బ్రతికించే ఆ మెల్లని గాలి, సెకనుకు 5 నుండి 20 సెంటీమీటర్ల వేగం మాత్రమే కలది, మంటకు ఊదుగొట్టమవుతుంది. అక్కడ మంట పైకి ఎగబ్రాకదు; గాలి వచ్చే దిక్కును వెతుక్కుంటూ ఎదురు పోగలదు. అందువల్ల కేంద్రంలో నిప్పు సూచన కనబడిన వెంటనే చేయవలసిన పనులలో మొదటిది గాలి ప్రసారాన్ని ఆపడం. తరువాత ఆ భాగానికి విద్యుత్తు తీసివేయడం, ముఖానికి ఊపిరి తొడుగు ధరించడం, ఆ పైన ఆర్పే సాధనం.

పొగ సంగతీ విచిత్రమే. మన కట్టడాలలో పొగను పసిగట్టే పరికరాన్ని పైకప్పుకు బిగిస్తారు. పొగ అక్కడికే చేరుతుంది కనుక. నౌకలో పైకప్పు అన్న మాటకు అర్థం లేదు. గాలి ఎటు పోతే పొగ అటే. కనుక ఆ పరికరాలను గాలి తిరిగే దారులలో అమర్చుతారు.

1997 ఫిబ్రవరి 23న రష్యావారి మీర్ కేంద్రంలో ఆరుగురు ఉండగా ప్రాణవాయువును పుట్టించే రసాయన డబ్బా ఒకటి భగ్గుమన్నది. దానిలోనే ప్రాణవాయువు ఉన్నందున గుడ్డ కప్పి ఆర్పడానికి వీలు లేదు. తిరిగి రావడానికి ఉన్న రెండు నౌకలలో ఒకదాని దారి మంటకు అవతల పడింది. పొగకు చేయి చాచితే వేళ్ళు కనబడని స్థితి. ఆరుగురూ ఊపిరి తొడుగులు ధరించి, తమ అభ్యాసం ప్రకారం నడుచుకొని బ్రతికారు. అక్కడ ప్రాణాలు నిలిచినది తొడుగుల వల్ల, అభ్యాసం వల్ల.

పరీక్ష, పరీక్షకు పరీక్ష

నౌకలోకి వెళ్ళే ప్రతి వస్తువునూ భూమి మీద ముందుగా కాల్చి చూస్తారు. వస్తువు ముక్కను నిలువుగా వ్రేలాడదీసి అడుగున నిప్పు ముట్టిస్తారు. మంట 15 సెంటీమీటర్లు ప్రాకకముందే తనంత తాను ఆరిపోతే ఆ వస్తువు ఉత్తీర్ణమైనట్లు. భూమి మీద మంట పైకే వేగంగా పోతుంది గనుక ఇంతకంటె కఠినమైన పరీక్ష ఉండదని చాలాకాలం నమ్మారు. కాని బరువు లేని చోట, మెల్లని గాలిలో, కొన్ని పదార్థాలు భూమి మీద మండలేనంత తక్కువ ప్రాణవాయువులో సయితం మండుతాయని తరువాత తేలింది. పరీక్షనే పరీక్షించవలసి వచ్చింది.

మనుష్యులున్న కేంద్రంలో పెద్ద మంట వేయడం కుదరదు. కనుక సరుకులు దించి తిరిగిపోయే సిగ్నస్ నౌకలలో, మనుష్యులు లేనప్పుడు, నిప్పు పెట్టి చూచారు. సఫైర్ అనే ఈ ప్రయోగాలలో మొదటిది 2016 జూన్‌లో, చివరిది 2024 జనవరిలో జరిగినవి. మొదటి ప్రయోగంలో కాల్చిన గుడ్డ దాదాపు మీటరు పొడవు. ఐదవ ప్రయోగం జరిగిన నౌకకు మన కల్పనా చావ్లా పేరు పెట్టి ఉండడం స్మరించదగినది. చంద్రుని మీద దిగే రోజులకు నౌకలో ప్రాణవాయువు పాలును 34 శాతం వరకు పెంచి, పీడనం తగ్గించాలన్న ఆలోచన ఉన్నది. కనుక ఈ ప్రయోగాల అవసరం తీరలేదు.

ఇట్టిదే మరొక పరికరం సోఫీ. ఘనపదార్థాలు ఎట్లు అంటుకుంటాయో, ఎట్లు ఆరిపోతాయో అంతరిక్ష కేంద్రంలోనే చిన్న పెట్టెలో చూచే సాధనం ఇది. 2022 ఫిబ్రవరిలో దానిని మోసుకువచ్చిన సరుకు నౌకను ఫిబ్రవరి 21న యంత్రహస్తంతో ఒడిసిపట్టినవారు రాజా చారి. ఆయన తండ్రి హైదరాబాదులో చదువుకొని పై చదువుకు అమెరికా వెళ్ళినవారు. నెల రోజులకు, మార్చి 23న, రాజా చారి కేంద్రం వెలుపలికి వచ్చి వ్యోమనడక చేశారు.

బోయిగూడ

అదే 2022 మార్చి 23వ తేదీ, ఇంకా తెల్లవారకముందే, బోయిగూడలో పాతసామాను గోదాముకు నిప్పంటుకున్నది. బొందరెన్కో మరణించిన తేదీ కూడా అదే కావడం కాకతాళీయమే. గోదాముపై అంతస్తులో బీహారు నుండి వచ్చిన కూలీలు పన్నెండుమంది నిద్రిస్తున్నారు. కింద కాగితం, ప్లాస్టిక్, సీసాలు, తీగలు. దిగే మెట్లు ఆ సామాను మధ్యకే దిగుతాయి. ఒకడు కిటికీ నుండి దూకి బ్రతికాడు. తక్కిన పదకొండుమంది బయటికి రాలేదు.

అదే ఏడు సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణంలో మంటలు లేచి, పొగ మెట్ల దారిన పైనున్న లాడ్జికి ఎక్కింది. ఎనిమిదిమంది మరణించారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక మరణించారు.

ఈ ఘటనలను అపోలో పక్కన పెట్టి చూడండి. కాలే వస్తువులు మనిషి చుట్టూ పేర్చి ఉన్నవి. రవ్వ ఎక్కడో పుట్టింది. దారి మూసుకుపోయింది. ప్రాణం తీసిన వాటిలో మంట కంటె పొగది పెద్ద పాలు. పీర్ల పండుగనాడు అలావా గుండంలో నిప్పు ఎంత ఎగసినా చుట్టూ ఉన్నవారికి ఊపిరాడక పోదు. ఆకాశమే దానికి తలుపు. గదిలో కొద్దిపాటి నిప్పుకు ఆ తలుపు లేదు.

అపోలో తరువాత అమెరికావారు నౌకను విప్పి మళ్ళీ కట్టారు. ఆ ముగ్గురి పేర్లు లోకమంతటా పిల్లలు చదువుకుంటున్నారు. బోయిగూడ పదకొండుమంది పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. అందుకు విచారించడంతో మన బాధ్యత తీరదు. నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున రాజా చారి చేతికి అందిన విద్య, మన వీధి మెట్లు ఎందుకు దిగలేదని మనం అడుగవలెను.

ఆ విద్యలో కళాశాలకు పనికివచ్చేది నాలుగు మాటలలో చెప్పవచ్చును. ఒకటి, వస్తువు: మెట్ల కింద విరిగిన బల్లలు, పాత జవాబు పత్రాల కట్టలు పేర్చరాదు. రెండు, వేడి: ఒకే ప్లగ్గుకు నాలుగు తీగలు తగిలించరాదు, విద్యుత్ స్కూటర్లను మెట్ల పక్క ఛార్జింగు పెట్టరాదు, వాటి బ్యాటరీలు అంటుకుంటే మీర్ డబ్బావలె కప్పి ఆర్పడానికి లొంగవు, నీటితో చల్లార్చవలసిందే. మూడు, తలుపు: ఎక్కువమంది కూర్చునే గది తలుపు బయటికి తెరుచుకోవాలి, రెండవ తలుపు ఉండాలి, దానికి తాళం ఉండరాదు. నాలుగు, అభ్యాసం: ఏడాదికి ఒకసారైనా గంట కొట్టి, అందరూ దిగి, ఎన్ని నిమిషాలు పట్టినదో వ్రాసి పెట్టాలి. పొగలో నడువవలసి వస్తే నేలకు దగ్గరగా వంగి నడవాలని ప్రతి విద్యార్థికీ తెలియాలి. భూమి మీద పొగ పైకి చేరుతుంది గనుక మంచి గాలి కిందనే మిగులుతుంది.

ఈ వ్యాసం ముగించేముందు మేము పాఠం చెప్పే గదికి వెళ్ళి చూచాము. అరవైమంది కూర్చునే గది. తలుపు ఒక్కటే. అది లోపలికి తెరుచుకుంటుంది. ఆ తలుపు బందులను తిప్పి బిగించడానికి ఒక వడ్రంగికి ఒక పూట పని. కళాశాల కమిటీ పెద్దలు వచ్చే విద్యాసంవత్సరం గంట మ్రోగకముందే ఆ ఒక పూట పనిని చేయించవలసిందిగా సవినయంగా కోరుతున్నాము. విద్యార్థులు ఆ తలుపు ముందు సైకిళ్ళు, స్కూటర్లు నిలుపకుండా ఉంటే వారి వంతు వారు చేసినట్లే.